ఫైర్‌వాల్ హెచ్‌ఏ తిప్పలు: స్టేటస్ పచ్చగానే ఉంది, నెట్ మాత్రం ఆగి ఆగి వస్తోంది

హెచ్‌ఏ (హై అవైలబిలిటీ) అంటే ఒక ఫైర్‌వాల్ పడిపోతే రెండోది ఆ పని అందుకునే ఏర్పాటు. రెండు ఫైర్‌వాల్స్‌ను అలా యాక్టివ్-ప్యాసివ్ (ఒకటి పని చేస్తుంటే రెండోది సిద్ధంగా ఉండే) జతగా కట్టడం వచ్చినవాళ్ల కోసం ఇది. ఐపీలు ఎలా ఇవ్వాలి, కన్ఫిగ్ సింక్ ఎక్కడ ఆన్ చేయాలి లాంటివి ఇక్కడ ఉండవు.

సమస్య ఏదైనా ముందు ఒక పని చేయండి. రెండు బాక్సుల్లోకీ విడివిడిగా, వాటి సొంత మేనేజ్‌మెంట్ ఐపీతోనో కన్సోల్ కేబుల్‌తోనో లాగిన్ అయి, ఒక్కోటీ తన గురించి ఏం చెబుతోందో చూడండి. వర్చువల్ ఐపీతో (రెండు బాక్సులకూ ఉమ్మడిగా ఉండే అడ్రస్‌తో) లాగిన్ అయితే మీకు కనిపించేది ఆ క్షణాన యాక్టివ్‌గా ఉన్న బాక్సు ఒక్కటే. అది 'నేను యాక్టివ్' అనే అంటుంది, అనక ఇంకేమంటుంది? రెండోది కూడా అదే మాట అంటోందా అన్నది తేలాలి. రెండు నిమిషాల ఈ చెక్ వదిలేసి ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడ్ దాకా వెళ్లేవాళ్లను చూసీ చూసీ విసుగొచ్చింది.

రెండు బాక్సులూ యాక్టివ్ అంటున్నాయి

ఒకదాని హార్ట్‌బీట్ ('నేను బతికే ఉన్నాను' అని బాక్సులు పంపుకునే సంకేతం) ఇంకోదానికి చేరడం లేదు. హార్ట్‌బీట్ లింకు మధ్యలో స్విచ్ ఉంటే దాన్ని తప్పించి, బాక్సు నుంచి బాక్సుకు నేరుగా కేబుల్ వేయండి. ఫోర్టిగేట్ (ఫోర్టినెట్ కంపెనీ ఫైర్‌వాల్) హార్ట్‌బీట్ మామూలు ఐపీ ప్యాకెట్ కాదు, సొంత ఈథర్‌టైప్‌తో (ఫ్రేములో ఏ రకం డేటా ఉందో చెప్పే నంబరుతో) వెళ్తుంది. కొన్ని స్విచ్‌లు దాన్ని దాటనివ్వవు. వీలైతే రెండు హార్ట్‌బీట్ లింకులు పెట్టండి.

పీఎఫ్‌సెన్స్ (ఇంకో ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్) వాళ్లకు లెక్క వేరు. సింక్ కేబుల్ ఎంత బాగున్నా, ఎవరు మాస్టర్ (అంటే యాక్టివ్) అన్నది దాని మీద తేలదు. దాన్ని తేల్చే ప్రోటోకాల్ కార్ప్. కార్ప్ ప్రకటనలు వర్చువల్ ఐపీ ఉన్న ప్రతి ఇంటర్‌ఫేస్ మీదా 224.0.0.18 అనే మల్టీకాస్ట్ అడ్రస్‌కు వెళ్తాయి. కాబట్టి ఏ ఇంటర్‌ఫేస్‌లో రెండు బాక్సులూ మాస్టర్ అంటున్నాయో, ఆ వీల్యాన్‌నే (స్విచ్‌లో విడిగా కట్టిన నెట్‌వర్క్ భాగాన్నే) చూడండి. ఈఎస్‌ఎక్స్‌ఐ (వీఎంవేర్ వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్) మీద వర్చువల్ మెషీన్లయితే పోర్ట్ గ్రూప్‌లో ప్రామిస్క్యువస్ మోడ్, మ్యాక్ అడ్రస్ ఛేంజెస్, ఫోర్జ్‌డ్ ట్రాన్స్‌మిట్స్ మూడూ యాక్సెప్ట్‌లో ఉండాలి.

ఒకటి యాక్టివ్, ఒకటి స్టాండ్‌బై, సింక్ ఓకే. అయినా పింగ్ ఆగి ఆగి వస్తోంది

నన్ను బాగా ఏడిపించింది ఇదే. ల్యాబ్‌లో నిక్షేపంలా నడుస్తుంది. అసలు నెట్‌వర్క్‌లో పెట్టాక కొన్ని పింగ్‌లు వస్తాయి, కొన్ని పోతాయి, మళ్లీ వస్తాయి. ఫైర్‌వాల్ లాగ్‌లో ఒక్క ఎర్ర లైను కూడా ఉండదు. ఇంకా ఘోరమేమిటంటే, నెలల తరబడి బాగా నడిచిన జత కూడా ఒకరోజు ఉన్నట్టుండి ఇలా మొదలుపెట్టవచ్చు. మీరేమీ మార్చలేదు కాబట్టి అందరూ ఐఎస్‌పీ లైను మీద పడతారు. ఐఎస్‌పీ వాళ్లు టెస్ట్ చేసి లైను బాగుందంటారు. వాళ్లు చెప్పేదీ నిజమే.

ముందు స్టాండ్‌బై బాక్సును పూర్తిగా ఆఫ్ చేసి చూడండి. సమస్య పోతే గొడవ మీ రెండు బాక్సుల మధ్యే, 'రెండు బాక్సులూ యాక్టివ్ అంటున్నాయి' అన్న పైభాగానికి వెళ్లండి. ఒక్క బాక్సే నడుస్తున్నా పింగ్‌లు అలాగే పోతుంటే, మీ వర్చువల్ మ్యాక్ అడ్రస్‌నే (వర్చువల్ ఐపీకి జోడించిన హార్డ్‌వేర్ అడ్రస్‌నే) అదే వీల్యాన్‌లో ఇంకెవరో వాడుతున్నారేమో చూడాలి.

కార్ప్ వర్చువల్ మ్యాక్ 00-00-5ఈ-00-01 తో మొదలవుతుంది, చివరి జత వీహెచ్‌ఐడీ (కార్ప్‌లో మీరు పెట్టే నంబరు). వీఆర్‌ఆర్‌పీ (రౌటర్ల జతకు కార్ప్ లాంటి ప్రోటోకాల్) వాడే రౌటర్లదీ ఇదే మొదలు, చివర వీఆర్‌ఐడీ (అందులో పెట్టే నంబరు). రెండింటి ఐపీ ప్రోటోకాల్ నంబరు కూడా ఒకటే, 112. మీరు వీహెచ్‌ఐడీ 1 పెట్టారనుకోండి. ఐఎస్‌పీ తన వైపు రెండో రౌటర్ తెచ్చి వీఆర్‌ఆర్‌పీలో వీఆర్‌ఐడీ 1 పెట్టాడు. ఎవరైనా 1తోనే కదా మొదలుపెట్టేది! కార్ప్, వీఆర్‌ఆర్‌పీ ఒకదాని ప్యాకెట్‌ను ఇంకోటి లెక్కచేయవు కాబట్టి ఎవరి లోకంలో వాళ్లు మాస్టర్, రెండు చోట్లా స్టేటస్ పచ్చగానే ఉంటుంది. నలిగిపోయేది మధ్యలో ఉన్న స్విచ్.

రెండింటికీ డిఫాల్ట్‌గా సెకనుకో ప్రకటన. మీ ప్రకటన రాగానే స్విచ్ ఆ మ్యాక్‌ను 3వ పోర్టులో రాసుకుంటుంది. ఇంకాసేపట్లో రౌటర్ ప్రకటన వస్తే అదే మ్యాక్‌ను 24వ పోర్టుకు మారుస్తుంది. ఆ కాసేపూ మీకు రావాల్సినవన్నీ రౌటర్ గుమ్మంలో పడతాయి. మీరు రౌటర్ వర్చువల్ ఐపీనే గేట్‌వేగా పెట్టుకుని ఉంటే బయటికి వెళ్లేవీ పోతాయి. గమ్యం మ్యాక్ ఫ్రేము వచ్చిన పోర్టులోనే ఉందని స్విచ్ అనుకున్నప్పుడు, ఆ ఫ్రేమును ఎటూ పంపకుండా పారేస్తుంది.

పట్టుకోవడం తేలికే, చూడాల్సిన చోట చూస్తే. స్విచ్‌లో మీ వర్చువల్ మ్యాక్‌ను మ్యాక్ టేబుల్‌లో వెతకండి, కమాండ్‌ను పది సార్లు వరసగా కొట్టండి. పోర్టు నంబరు మారుతుంటే దొంగ దొరికినట్టే. చాలా స్విచ్‌లు ఆ మ్యాక్ రెండు పోర్టుల మధ్య ఫ్లాప్ అవుతోందని లాగ్‌లో రాసి పెడతాయి కూడా. ఎవరూ చదవరు, అంతే. స్విచ్ మీ చేతిలో లేకపోతే వ్యాన్ (ఐఎస్‌పీ వైపు) ఇంటర్‌ఫేస్ మీద ప్రోటోకాల్ 112 క్యాప్చర్ పెట్టండి. టీసీపీడంప్ (ప్యాకెట్లు పట్టి చూపించే టూల్) కార్ప్‌ను కూడా వీఆర్‌ఆర్‌పీ అనే చూపిస్తుంది, కంగారు పడొద్దు, సోర్స్ ఐపీ చూడండి. మీది కాని ఐపీ కనిపిస్తే వీఆర్‌ఐడీ ఆ లైనులోనే ఉంటుంది.

ఇక్కడ ఇంకో చిక్కు. మ్యాక్ చివరి జత హెక్స్‌లో (16 ఆధారంగా రాసే లెక్కలో) ఉంటుంది. వీహెచ్‌ఐడీ 10 పెడితే అక్కడ 0ఏ కనిపిస్తుంది. 10 అని కనిపించిందంటే అది 16. ఈ తేడా మరిచి, పక్కవాళ్లు 10 వాడుతున్నారనుకుని తప్పించుకోబోయి సరిగ్గా 16 మీదే కూర్చున్నవాళ్లూ ఉన్నారు.

ఇది పీఎఫ్‌సెన్స్‌కే పరిమితం కాదు. ఫోర్టిగేట్ వర్చువల్ మ్యాక్ హెచ్‌ఏ గ్రూప్ ఐడీ నుంచి పుడుతుంది, డిఫాల్ట్ 0. ఒకే వీల్యాన్‌లో రెండు ఫోర్టిగేట్ జతలు డిఫాల్ట్‌తో వదిలేస్తే ఇదే కథ. పాలో ఆల్టో (ఇంకో ఫైర్‌వాల్ బ్రాండ్) లోనూ గ్రూప్ ఐడీలు వేరుగా ఉండాలి. పక్కన హెచ్‌ఎస్‌ఆర్‌పీ (వీఆర్‌ఆర్‌పీ లాంటి సిస్కో ప్రోటోకాల్) వెర్షన్ 1 రౌటర్లుంటే గొడవ లేదు, వాటి మ్యాక్ 00-00-0సీ-07-ఏసీతో మొదలవుతుంది.

పరిష్కారం: ఆ వీల్యాన్‌లో ఎవరూ వాడని నంబరు పెట్టండి, రెండు బాక్సుల్లోనూ అదే ఉందని చూసుకోండి. మ్యాక్ మారుతుంది కాబట్టి కాసేపు కనెక్షన్లు తెగుతాయి, పని వేళల్లో చేయొద్దు. కొత్త మ్యాక్ గురించి ఫైర్‌వాల్ గ్రాట్యుయిటస్ ఆర్ప్ ('ఈ ఐపీ ఇక ఈ మ్యాక్‌ది' అని ఎవరూ అడగకుండానే చేసే ప్రకటన) పంపుతుంది, కానీ కొన్ని పరికరాలు దాన్ని పట్టించుకోవు. సిస్కో రౌటర్లలో ఆర్ప్ ఎంట్రీ డిఫాల్ట్‌గా 4 గంటలు ఉంటుంది. అవతలి వాళ్లకు ఫోన్ చేసి ఆర్ప్ క్లియర్ చేయించండి.

ఫెయిలోవర్‌లో (యాక్టివ్ పోయి స్టాండ్‌బై అందుకునేటప్పుడు) అర నిమిషం నెట్ పోతోంది

కారణం స్పానింగ్ ట్రీ (స్విచ్‌లలో లూప్‌లు రాకుండా చూసే ప్రోటోకాల్). పోర్టు తెరుచుకునే ముందు లిజనింగ్‌కు 15, లెర్నింగ్‌కు 15 సెకన్లు. ఫైర్‌వాల్ తగిలించిన స్విచ్ పోర్టులను ఎడ్జ్ పోర్టులుగా (ఆ ఆగడం లేకుండా తెరుచుకునేలా) పెట్టండి. పాలో ఆల్టోలో ప్యాసివ్ లింక్ స్టేట్ (స్టాండ్‌బై బాక్సు పోర్టులు ఎలా ఉండాలన్న సెట్టింగ్) డిఫాల్ట్‌గా షట్‌డౌన్, దాన్ని ఆటోకు మార్చండి.

ఫెయిలోవర్ తర్వాత పాత సెషన్లన్నీ తెగుతున్నాయి

ఫోర్టిగేట్‌లో సెషన్ పికప్ (నడుస్తున్న సెషన్లను రెండో బాక్సుకూ అందించడం) డిఫాల్ట్‌గా ఆఫ్. ఆన్ చేయండి. పీఎఫ్‌సెన్స్‌లో ఔట్‌బౌండ్ న్యాట్ (బయటికి వెళ్లే ప్యాకెట్ల సోర్స్ ఐపీ మార్చడం) ఇంటర్‌ఫేస్ ఐపీతో వెళ్తోందేమో చూడండి, కార్ప్ వర్చువల్ ఐపీతో వెళ్లాలి.

మీరు అనుకున్న బాక్సు యాక్టివ్ కావడం లేదు

ప్రయారిటీ తిరగేసి ఉంటారు. ఫోర్టిగేట్‌లో పెద్ద నంబరు గెలుస్తుంది, పాలో ఆల్టోలో చిన్న నంబరు. ఫోర్టిగేట్‌లో ఓవర్‌రైడ్ (ప్రయారిటీకి ముందు చోటు ఇచ్చే సెట్టింగ్) ఆఫ్‌లో ఉంటే ప్రయారిటీ కంటే ముందు ఎవరు ఎక్కువసేపు నడుస్తున్నారన్నది చూస్తుంది. పాలో ఆల్టోలో ప్రీఎంప్షన్ (ప్రయారిటీ గెలిచిన బాక్సు తిరిగొచ్చాక యాక్టివ్ చోటు వెనక్కి తీసుకోవడం) రెండు బాక్సుల్లోనూ ఆన్ ఉండాలి.

ఇక చెడిపోయిన పోర్టు, ఫర్మ్‌వేర్ బగ్, పాడైన మెమరీ లాంటివి ఉండవని కాదు. కానీ పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి. సపోర్ట్‌కు టికెట్ వేసేటప్పుడు రెండు బాక్సుల స్టేటస్‌నూ, స్విచ్ మ్యాక్ టేబుల్‌నూ జత చేయండి. వాళ్లు మొదట అడిగేవి అవే.