తుఫానుల నెలలకు ముందే రిమోట్ డెస్క్‌టాప్: ఫైర్‌వాల్ జాగ్రత్తలు

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్లకు రాకపోకలు ఎలా స్తంభించాయో శ్రీకాకుళం జిల్లావాసులకు గుర్తుండే ఉంటుంది. అలాంటి రోజుల్లో పలాస జీడిపప్పు ఫ్యాక్టరీ లెక్కలను విజయనగరంలోని ఇంటి నుంచి చూసుకోదలచిన గుమాస్తాలు రిమోట్ డెస్క్‌టాప్‌ను, అంటే ఒక కంప్యూటరును దూరం నుంచి మరో కంప్యూటరుతో నడిపే విండోస్ ఏర్పాటును, సెప్టెంబరులోనే పూర్తి చేసుకోవాలి. కంప్యూటరుకు వచ్చే కనెక్షన్లను వడపోసే ఫైర్‌వాల్‌లోని రూలును దూరం నుంచి మారుస్తూ పొరపడితే ఉన్న కనెక్షనే తెగిపోతుంది కనుక, ఆ సమయంలో ఆఫీసు కంప్యూటరు ముందు ఒక మనిషి ఉండి తీరాలి.

ఆ కంప్యూటరులో ఉన్నది విండోస్ హోమ్ ఎడిషన్ అయితే బయటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో అందులోకి ప్రవేశించడం కుదరదు. ప్రో ఎడిషన్ ఉండాలి.

సెట్టింగ్స్‌లో రిమోట్ డెస్క్‌టాప్‌ను ఆన్ చేయగానే విండోస్ తన ఫైర్‌వాల్‌లో ఆ కనెక్షన్లు వచ్చే ద్వారమైన 3389 పోర్టుకు అనుమతి ఇస్తుంది. అయితే యాంటీవైరస్‌కు సొంత ఫైర్‌వాల్ ఉంటే సాధారణంగా విండోస్ ఫైర్‌వాల్ పక్కకు తప్పుకుంటుంది కాబట్టి, ఆ అనుమతి ఎందుకూ కొరగాదు. విసిగిపోయి యాంటీవైరస్‌నే ఆపేసి, కనెక్షన్ కలిసింది కదా అని అలాగే వదిలేసేవారు చాలామంది ఉన్నారు. దీనికంటే ప్రమాదకరమైన పని మరొకటి లేదు. యాంటీవైరస్ లాగ్‌లో 3389 పోర్టును ఆపినట్టు నమోదైందేమో చూసి, వీపీఎన్ (ఇంటికీ ఆఫీసుకూ మధ్య ఇంటర్నెట్‌లో ఏర్పరచే సురక్షిత మార్గం) అడ్రసుల నుంచి వచ్చే కనెక్షన్లను మాత్రమే ఆ పోర్టుకు అనుమతించే రూలు ఒకటి రాసి, అన్నిటినీ అడ్డుకునే రూలుకు పైన ఉంచాలి. రూటరు మార్చాక ఆఫీసు నెట్‌వర్క్ విండోస్‌లో 'పబ్లిక్' (నమ్మదగని నెట్‌వర్క్)గా నమోదైతే, నిన్నటిదాకా కలిసిన కనెక్షన్ కూడా ఆగిపోవచ్చు.

రూటరులో 3389ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరవకూడదు. 2019లో బయటపడిన బ్లూకీప్ లోపం పాస్‌వర్డ్ లేకుండానే పాత విండోస్ కంప్యూటర్లలోకి చొరబడే వీలు కల్పించింది. పోర్టు నంబరు మార్చినంత మాత్రాన రక్షణ దొరకదు. వెతికేవాడికి కాస్త ఆలస్యమవుతుంది, అంతే. వీపీఎన్‌తో పాటు పొడవైన పాస్‌వర్డ్, నెట్‌వర్క్ లెవెల్ ఆథెంటికేషన్ (డెస్క్‌టాప్ తెరుచుకోకముందే పాస్‌వర్డ్ సరిచూసే ఏర్పాటు) ఉండాలి.

పరీక్షించేటప్పుడు ఆఫీసు వైఫై కాకుండా మొబైల్ డేటా వాడాలి. కంప్యూటరు నిద్రలోకి జారకుండానూ, కరెంటు రాగానే తనంతట తానే ఆన్ అయ్యేలానూ అమర్చి, రూటరును కూడా యూపీఎస్‌కు కలపాలి. యాంటీవైరస్ పెద్ద అప్‌డేట్ తీసుకున్న ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ చేయాలి. ఇంత చేసినా కరెంటు, టవరు రెండూ పోతే పలాస కంప్యూటరు అందదు కనుక, తుఫాను హెచ్చరిక రాగానే లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ బ్యాకప్‌ను విజయనగరానికి తెచ్చుకోవాలి.