క్యాంపెయిన్‌కి సరిపడే క్యారెక్టర్, మూడో పాఠం: ఒకే మనిషి, మూడు ఆటలు

ఇవి టేబుల్ చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరం ఒక క్యారెక్టర్‌గా మాట్లాడుతూ, డైస్ వేస్తూ కథ నడిపే రోల్‌ప్లేయింగ్ ఆటల పాఠాలు, చాలా సెషన్ల పాటు సాగే ఒక కథే క్యాంపెయిన్. పోయిన పాఠంలో 15, 14, 13, 12, 10, 8 అనే ఆరు నంబర్లు క్యారెక్టర్ షీట్ మీద బలం, తెలివి లాంటి వాటికి ఎలా పంచుకోవాలో చూశాం. ఈసారి నంబర్ల జోలికి తక్కువ వెళ్దాం, ఎందుకంటే బెంగళూరు మారతహళ్లిలో శనివారాలు మా ఆటకి వచ్చే కొత్తవాళ్ల షీట్లు చూస్తే లెక్కలు బానే వేస్తున్నారు, గొడవంతా లెక్క బయటే ఉంది. జీఎం, అంటే ఆట నడిపే గేమ్ మాస్టర్, వాట్సాప్‌లో "1920లు, మద్రాస్ ప్రెసిడెన్సీ, హారర్" అని క్లియర్‌గా పెడితే, ఒకాయన రెండు చేతుల్లో రెండు కత్తులు, ఊరు తగలబెట్టినోళ్ల మీద పగ, భయమంటే తెలీదు, ఇట్లా ఫ్యాక్షన్ సినిమా రేంజ్ ఫ్లాష్‌బ్యాక్ రాసుకొచ్చాడు. రాత బానే ఉంది, కానీ భయపడని మనిషిని పెట్టుకుని హారర్ ఏం ఆడతాం చెప్పండి.

కాబట్టి పెన్ను పట్టుకునే ముందు జీఎంని అడగాల్సినవి ఉన్నాయి. మొదటిది, "అన్నా, ఓడిపోతే ఏంటి పరిస్థితి?" చచ్చిపోతామా, పిచ్చెక్కుతుందా, అప్పుల్లో పడతామా, పరువు పోతుందా, దీనికొచ్చే జవాబులోనే క్యాంపెయిన్ స్టైల్ సగం తెలిసిపోతుంది. రెండోది, మామూలు సెషన్‌లో ఎక్కువసేపు ఏం చేస్తాం, కొట్టుకుంటామా, మాట్లాడతామా, వెతుకుతామా. కామెడీ ఎంతవరకు ఓకే అనేది కూడా అడగండి, అది ఒక్క నిమిషం పని.

ఇప్పుడు ఒకే మనిషిని తీసుకుని మూడు ఆటల్లో పెట్టి చూద్దాం. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తెలుసు కదా, తోలుబొమ్మల ఊరు. అక్కడి బొమ్మలాట కుటుంబంలో అమ్మాయి, తెర వెనక కూర్చుని నవ్వించే బొమ్మలు కేతిగాడి గొంతూ బంగారక్క గొంతూ రెండూ తనే మార్చి మార్చి పలుకుతుంది, జనాన్ని నవ్వించడం వచ్చు, ఎవడికి ఎక్కడ తగులుతుందో తెలుసు. అంతే, ఇంకేం రాయకండి.

మొదట డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఇది 1974లో వచ్చిన ఆట, ఇప్పుడు ఎక్కువమంది ఆడేది ఐదో ఎడిషన్. ఇక్కడ పడిపోయినా మావాళ్లు లేపుతారు, రాత్రంతా రెస్ట్ తీసుకుంటే హిట్ పాయింట్లన్నీ (ఎంత దెబ్బ తట్టుకోగలరో చెప్పే లెక్క) తిరిగొచ్చేస్తాయి, అందుకే ముందుకు దూకే మనిషి కావాలి. మన అమ్మాయిని బార్డ్ చేసి, అంటే పాటలతో మాటలతో మంత్రం వేసే క్లాస్ ఇచ్చి, 15 కరిజ్మాలో (జనాన్ని ఆకట్టుకునే గుణం) పెట్టండి. విషస్ మాకరీ అని ఒక చిన్న మంత్రం ఉంటుంది, శత్రువుని వెక్కిరిస్తే, వాడు తట్టుకోలేకపోతే 2014 రూల్స్ ప్రకారం ఒక డీ4 (నాలుగు ముఖాల డైస్) వేసి వచ్చినంత దెబ్బ తగులుతుంది, పైగా వాడి తర్వాతి దాడికి రెండు డైస్ వేసి తక్కువొచ్చింది తీసుకోవాలి. కేతిగాడి వెక్కిరింత నేరుగా ఆయుధం అయిపోయింది చూశారా, ఓగర్ అనే భారీ రాక్షసుణ్ని పట్టుకుని "ఏరా, మీ అమ్మ నీకు తల పెట్టడం మర్చిపోయిందా" అంటే టేబులంతా నవ్వుతుంది, ఆటా ముందుకెళ్తుంది.

ఇదే అమ్మాయి కాల్ ఆఫ్ క్తుల్హు అనే హారర్ ఆటలో అయితే కథ వేరే. ఏడో ఎడిషన్‌లో హిట్ పాయింట్లు ఎంతంటే ఒంటి సైజు, కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం) నంబర్లు కలిపి పదితో భాగించడమే, 50, 55 ఉంటే వచ్చేది 10, ఒక .38 రివాల్వర్ తూటా డీ10 దెబ్బ కొడుతుంది, ఎంత ఆడినా లెవెల్ పెరిగి ఒళ్లు గట్టిపడేది ఏమీ ఉండదు. శానిటీ (మతి స్థిమితం) పవర్‌తో (మనోబలం) సమానంగా మొదలవుతుంది, ఘోరమేదైనా చూసినప్పుడు డీ100 వేస్తే అప్పటికి మిగిలిన శానిటీకి మించి రాకూడదు. ఒకేసారి శానిటీ ఐదు, అంతకంటే ఎక్కువ పోతే తెలివి రోల్ వేయాలి, అందులో గెలిస్తేనే పిచ్చెక్కుతుంది, అంటే చూసిందేంటో అర్థమైందన్నమాట! నాకైతే ఈ ఆటలో బాగా నచ్చిన రూల్ ఇదే. సో ఇక్కడ అమ్మాయికి కావాల్సింది వెక్కిరింత కాదు, పోగొట్టుకోవడానికి ఏదైనా ఉండాలి, ఇంట్లో చిన్న తమ్ముడు ఉన్నాడనుకోండి, తాత పెట్టెలో మేకతోలు బొమ్మ ఒకటుంది, ఎవరు కోశారో ఎవరికీ తెలీదు, దీపం ముందు పెడితే నీడకి ఒక చెయ్యి ఎక్కువ కనిపిస్తుంది. ఇప్పుడు ఆ చీకటి ఇంట్లోకి ఎందుకెళ్తున్నావు అని జీఎం అడగక్కర్లేదు, ఆవిడే వెళ్తుంది. స్పాట్ హిడెన్, అంటే దాగున్నవి కనిపెట్టే స్కిల్, పెంచుకోండి, తుపాకీ జోలికి పోకండి.

మూడోది బ్లేడ్స్ ఇన్ ద డార్క్, 2017. సూర్యుడు పగిలిపోయిన లోకంలో దొంగల ముఠా కథ. ఇందులో నా సలహా, ముందు ముఠా ఏంటో అందరూ కలిసి తేల్చుకోండి, ఆ తర్వాతే మనిషి. ఇక్కడ దోపిడీ మధ్యలో ఫ్లాష్‌బ్యాక్ వేసుకోవచ్చు, "పోయిన వారం ఈ ఇంట్లోనే బొమ్మలాట ఆడాం, అప్పుడే వెనక కిటికీ గడియ వదులు చేసి పెట్టా" అంటారు, జీఎం దానికి ఖరీదుగా ఒకటో రెండో స్ట్రెస్ అడుగుతాడు, షీట్ మీద స్ట్రెస్‌కి ఉన్నది తొమ్మిది గళ్లే, నిండితే ట్రామా, అంటే మనసుకి పోని మచ్చ. కాబట్టి నాలుగు పేజీల గతం రాసుకొస్తే మీకే నష్టం, ఖాళీలు ఉంచితేనే ఆటలో నింపుకోవడానికి చోటుంటుంది. నాలుగు లైన్లు చాలు, మీరెవరు, ఎవరికి బాకీ ఉన్నారు, అంతే.

మూడింట్లోనూ ఊరు మారలేదు, గొంతు మారలేదు, ఏం పోగొట్టుకుంటుందనేదే మారింది. క్లాసూ స్కిల్సూ దాని వెనకాలే వస్తాయి, రివర్స్‌లో చేస్తే పైన చెప్పిన కత్తులాయన వస్తాడు. ఇంకోటి, "మావాడు ఒంటరిగా తిరుగుతాడు, ఎవరితో కలవడు" టైపు క్యారెక్టర్లు ఏ ఆటలోనూ పెట్టకండి, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటుకుని జనం వచ్చేది కలిసి ఆడటానికే.

హోంవర్క్: మీ దగ్గరున్న పాత షీట్ ఒకటి తీయండి. పైన జీఎం చెప్పిన ఒక్క లైను రాయండి, కింద ఈ మనిషి ఓడిపోతే ఏం పోతుందో ఒక్క లైను. రెండు లైన్లూ కలవకపోతే నంబర్లు ముట్టుకోకుండా రెండో లైనే మార్చండి. తర్వాతి పాఠంలో ఇద్దరి షీట్లు పక్కపక్కన పెట్టి వాళ్ల మధ్య చుట్టరికమో బాకీయో ఎలా కట్టాలో చూద్దాం, కాబట్టి పక్కన ఆడేవాళ్ల షీట్ ఫోటో కూడా తీసి పెట్టుకోండి.