ఇల్లు కదిలేముందు: కోరాపుట్ ఘాట్లలో కారవాన్ పాట్లు

కిందటి డిసెంబర్లో ఆరుగురం, రాయగడ వాళ్లం ముగ్గురు, పర్లాకిమిడి బావ ఒకడు, బరంపురం నుంచి ఇద్దరు, విశాఖలో కారవాన్ అద్దెకు తీసుకుని కోరాపుట్ వైపు నాలుగు రోజులు తిరిగొచ్చాం. టెంపో ట్రావెలర్‌లో సీట్లు పీకేసి మంచాలు, పొయ్యి, చిన్న ఫ్రిజ్, మూలన ఒక బాత్రూం పెట్టిన బండి. పెద్ద ప్రమాదమేమీ జరగలేదు. చిన్నవి మాత్రం రోజుకు రెండు చొప్పున జరిగాయి, తర్వాత కూర్చుని లెక్కేస్తే వాటిలో సగానికి పైగా ఒకటే జాతివి: బండి బయల్దేరింది, లోపల ఇల్లు ఇంకా బయల్దేరలేదు.

మొదటి దెబ్బ లక్ష్మీపూర్ దాటకముందే తగిలింది. మలుపులో పైన అర తలుపు తెరుచుకుని స్టీలు పళ్లేలు దడదడా పడ్డాయి, వాటి వెనకే మా అమ్మ కట్టిచ్చిన ఆవకాయ సీసా. పళ్లేలు ఏరుకున్నాం, గాజుముక్కలు ఏరుకున్నాం, నూనె మాత్రం మంచం చెక్కల సందుల్లోంచి దిగి పరుపులోకి ఇంకిపోయింది. మూడు రాత్రులు ఆవకాయ వాసనలోనే పడుకున్నాం. గొళ్లెం వేయలేదేంట్రా అంటే నువ్వేశావనుకున్నా అని ఒకడు, వాడేశాడనుకున్నా అని ఇంకొకడు. పదిమందిలో పాము చావదని ఊరికే అనలేదు.

అందుకని బయల్దేరే ముందు బండిని చూసే పని రోజుకొకడికి అప్పజెప్పండి. ఆ రోజు వాడు తప్ప ఇంకెవరూ అందులో వేలు పెట్టకూడదు, చూడటం అయ్యేదాకా తాళంచెవి వాడి జేబులోనే ఉండాలి. తాళంచెవి సంగతే అసలు కిటుకు, ఎందుకంటే డ్రైవింగ్ సీట్లో కూర్చున్నవాడికి ఎప్పుడూ తొందరే. లోపల గ్యాస్‌ను సిలిండర్ దగ్గరే ఆపేయాలి, పొయ్యి దగ్గర తిప్పేస్తే చాలదు. తర్వాత నీళ్ల పంపు స్విచ్, పైకప్పు కిటికీ, అరల గొళ్లేలు, ఫ్రిజ్ తలుపు. అప్పుడు కిందికి దిగి బండి చుట్టూ ఒక ప్రదక్షిణం: మెట్టు, కరెంటు వైరు, నీళ్ల పైపు, చక్రాల కింద దిమ్మలు. సిమిలిగూడ దగ్గర ధాబాలో ఛార్జింగ్ వైరు తీయకుండా బండి కదిపితే సాకెట్ బోర్డు గోడలోంచి ఊడొచ్చింది, 300 రూపాయలు ఇచ్చి దండం పెట్టి బయటపడ్డాం. ఇక గాజు సీసాలు అసలు తేకండి, బరువైనవి కింది అరలో పెట్టండి, పళ్లేల మధ్య తువ్వాలు కుక్కండి.

బండి ఎత్తు ఎంతో అడిగి కాగితం మీద రాసి స్టీరింగ్ ఎదురుగా అంటించండి. పైన ఏసీ ఉంటే దాంతో కలిపి లెక్క. రైలు కింది దారుల్లో బోర్డు చూస్తాం కానీ కొమ్మలకు, ఊళ్లలో వేలాడే వైర్లకు బోర్డులుండవు. కుందులి సంత లాంటి చోట్ల టార్పాలిన్ తాళ్లు కూడా తగులుతాయి, ఒకడు దిగి ముందు నడవాల్సిందే. రివర్స్ చేసేటప్పుడు కూడా అంతే, ఒక్కడే చెప్పాలి, అదీ అద్దంలో కనపడేలా నిలబడి. ఇద్దరు చెబితే ఒకడు రమ్మంటాడు, ఇంకొకడు ఆగమంటాడు.

కరెంటు దగ్గర మేం నిజంగా తెలివితక్కువగా చేశాం. బండిలో ఇంటి సామానుకు 12 వోల్టుల, 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీ ఉంది. కాగితం మీద 1200 వాట్ అవర్స్, కానీ మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే తొందరగా పాడవుతుంది కాబట్టి చేతికొచ్చేది 600. ఫ్రిజ్ 50 వాట్లు లాగుతుంది అనుకున్నా రాత్రి గడిచిపోతుంది. పొద్దున్నే చట్నీ కోసం 500 వాట్ల మిక్సీ పెట్టాం. ఇన్వర్టర్ గుండా అది బ్యాటరీ మీద 40 ఆంపియర్లకు పైగా లాగుతుంది, రాత్రంతా నీరసించిన బ్యాటరీకి అంత ఓపిక ఎక్కడిది, కీ కీమని అరిచి ఆగిపోయింది. కారప్పొడితో తినండి, పోయేదేముంది. ఫోన్లు బండి నడిచేటప్పుడు ఛార్జ్ చేసుకోండి. అద్దెకు తీసుకునేటప్పుడే ఇంకో మాట అడగండి: ఇంజన్ బ్యాటరీ, ఇంటి బ్యాటరీ వేరువేరా? కొన్ని బళ్లలో రెండూ కలిసే ఉంటాయి, రాత్రి లైట్లేసుకుని పేకాడితే పొద్దున ఇంజన్ లేవదు.

లేవకపోతే తోయడమే. గేర్లు చేత్తో మార్చే బండి అయితేనే సుమా. సెకండ్ గేరులో క్లచ్ నొక్కి ఉంచి, బండి కాస్త ఊపందుకున్నాక క్లచ్ వదలాలి. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే ఇప్పటి డీజిల్ ఇంజన్లు తోసినా లేవవు, లోపలి కంప్యూటర్‌కు కొంతైనా కరెంటు కావాలి. ఆరుగురం చాలకపోతే దారిన పోయేవాళ్లను "భాయ్, టికె ఠేలి దేబే కి" అని అడగండి, కాస్త తోస్తారా అని అర్థం. ఒడియా రాని మా పర్లాకిమిడి బావ (అవును, ఒడిశాలో పుట్టి పెరిగీ రాదు) ఈ ఒక్క ముక్క నేర్చుకుని నాలుగు రోజులు ప్రతి దానికీ అదే వాడాడు, టీ కొట్టులో కూడా.

నీళ్లు పొదుపుగా వాడాలి, స్నానాలు లాడ్జిలోనో పెట్రోల్ బంకులోనో చేసుకోవాలి. టాయిలెట్ తొట్టి ఎక్కడ ఖాళీ చేస్తారో మాత్రం ముందే అనుకోండి. గెడ్డలోనో (అదే, వాగులోనో) పొలం గట్టునో దింపేవాళ్లను చూశాను. ఆ గెడ్డ నీళ్లే కింద ఊళ్లో బిందెలకు పడతారు.

దేవమాలి కింద పడుకున్న రాత్రి సంగతి. 1672 మీటర్ల కొండ, ఒడిశాలో అదే ఎత్తైనది, డిసెంబర్ చలి గురించి చెప్పక్కర్లేదు. మా వాడొకడు చలిమంటలోంచి నిప్పులు మూకుట్లో తెచ్చి మంచాల మధ్య పెట్టాడు. వెంటనే బయట పెట్టించాం, వాడు అలిగాడు కూడా. మూసిన బండిలో నిప్పులు పెడితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఏమీ ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇంకో దుప్పటి కప్పుకోవాలంతే. వంట గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది, అందుకే సిలిండర్ దగ్గర నేలకు బెజ్జాలు పెడతారు. మేం వాటి మీద చెప్పులు విడిచేవాళ్లం!

ఇప్పుడు ఘాట్. పొట్టంగి నుంచి సుంకి మీదుగా సాలూరు దిగేటప్పుడు నిండా నీళ్లతో వెళ్లకండి, 100 లీటర్లంటే 100 కిలోలు. ఎక్కేటప్పుడు ఏ గేరో దిగేటప్పుడూ అదే గేరని పాత డ్రైవర్లు చెబుతారు, అదే పాటించండి. బ్రేకు మీద కాలు అలాగే ఆనించి ఉంచితే వేడెక్కి పట్టు పోతుంది. గట్టిగా నొక్కి, వేగం తగ్గించి, పూర్తిగా వదిలేయాలి, మళ్లీ అవసరమైనప్పుడే. మేం మూడో గేరులో కబుర్లు చెప్పుకుంటూ దిగాం. సగం దిగేసరికి కాలిన వాసన, రబ్బరు కాల్చినట్టు, బావేమో లారీ వాసన అన్నాడు. కాదు, మాదే. వెడల్పు చోటు చూసి ఆపాం. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు: చక్రాల మీద నీళ్లు పోయకండి, ఎర్రగా కాగిన ఇనుము పగలొచ్చు. వేడి మీద హ్యాండ్‌బ్రేకు కూడా లాగకండి. గేరులో ఉంచి, చక్రాలకు దిమ్మలో పెద్ద రాళ్లో పెట్టి, అరగంటైనా వదిలేయండి. తర్వాత పెడల్ నొక్కితే మెత్తగా లోపలికి పోతుంటే బండి కదపొద్దు, మెకానిక్‌నే రప్పించండి. కింద సాలూరు లారీల ఊరు, మెకానిక్కుకు కొదవలేదు.

పంక్చర్ గురించి రెండే మాటలు. ఎర్రమట్టిలో జాకీ దిగబడుతుంది, కింద చెక్క వేయండి, నట్లు బండి లేపకముందే కాస్త వదులు చేసుకోండి. మా స్టెప్నీలో గాలే లేదు, బయల్దేరే రోజు చూసుకుని ఉండాల్సింది. జాతీయ రహదారి మీద సాయానికి 1033, ఏ ఆపదకైనా 112. కానీ ఘాట్‌లో సిగ్నల్ అన్ని చోట్లా దొరకదు, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

బండి తీసుకునేటప్పుడు పైకప్పుతో సహా లోపలా బయటా వీడియో తీసి పెట్టుకోండి. పైన పాత గీత మాది కాదని అలాగే తప్పించుకున్నాం. పరుపు మాత్రం వీడియోలో తెల్లగానే ఉంది, ఆవకాయ మరకకు డిపాజిట్‌లో 1500 కోశారు.