పాత ట్రాక్టర్ ఇంజనుకు వెట్ లైనర్లు బిగించే విధానం

ట్రాక్టర్ డీజిల్ ఇంజన్లలో లైనర్లు, అంటే ఇంజను బ్లాకులో కూర్చుని లోపల పిస్టన్ ఆడే గొట్టాలు, రెండు రకాలుగా ఉంటాయి. డ్రై లైనర్ బ్లాకును అంటుకుని బిగుతుగా ఉంటుంది. దాన్ని దించడానికి ప్రెస్సు కావాలి కనుక ఆ పనిని బోరింగ్ షాపుకు అప్పగించడమే మంచిది. వెలుపలి గోడను నీరు నేరుగా తాకే వెట్ లైనర్‌ను మాత్రం ఓపిక, కొలత సాధనాలు ఉన్నవారు షెడ్డులోనే మార్చుకోవచ్చు.

పాత లైనర్‌ను పుల్లర్‌తో (లాగే సాధనంతో) లాగిన తరువాత, పైన కాలర్ (లైనర్ పై అంచు పట్టీ) కూర్చునే గాడిలోనూ, అడుగున నీరు కారకుండా ఆపే రబ్బరు రింగులు ఆనుకునే చోటా పేరుకున్న తుప్పును, సున్నపు పొరను పూర్తిగా గీకి తీయాలి. మన పల్లెల్లో రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసే అలవాటు ఉంది కనుక ఈ పొర తరచు మందంగానే కనిపిస్తుంది. రింగు దిగే దారిలో పదునైన అంచు ఉంటే ఎమెరీ కాగితంతో నునుపు చేయాలి. లేకపోతే అది కొత్త రింగును కోస్తుంది.

ఆ తరువాత రింగులు లేకుండానే లైనర్‌ను దించి చూడాలి. అది చేతి బలంతో దిగి, తేలికగా తిరగాలి. దాన్ని అదిమిపట్టి, కాలర్ బ్లాకు తలం కంటే ఎంత ఎత్తున ఉందో డయల్ గేజితో (సన్నని తేడాలను ముల్లుతో చూపే కొలత సాధనంతో) నాలుగు వైపులా కొలవాలి. చాలా ఇంజన్లలో ఈ ఎత్తు 0.05 నుంచి 0.15 మి.మీ. వరకు ఉంటుంది గాని, మీ ఇంజను మాన్యువల్‌లోని అంకెనే పాటించాలి. ఎత్తు చాలకపోతే హెడ్ గ్యాస్కెట్ (బ్లాకుకు, పైనున్న హెడ్‌కు మధ్య ఉండే పలక) లైనర్‌ను గట్టిగా అదమలేదు, సిలిండర్‌లోని ఒత్తిడి గాలి నీటిలోకి తోసుకుపోతుంది. అప్పుడు కాలర్ కింద షిమ్ (పలుచని లోహపు రేకు) వేయాలి. నాలుగు వైపులా కొలత ఒకేలా రాకపోతే గాడిలో మురికి మిగిలిపోయిందన్నమాట, లేదా గాడే అరిగిపోయిందన్నమాట. అరిగినదాన్ని షాపులో కోయించక తప్పదు. తొందరలో చాలామంది వదిలేసేది ఈ కొలతనే, కాని నా దృష్టిలో మొత్తం పనిలో ఇంతకంటే ముఖ్యమైనది లేదు.

రింగులను మెలి పడకుండా ఎక్కించి సబ్బు నీరు రాయాలి. ఇంజను ఆయిల్ రాయకూడదు, అది కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తుంది. లైనర్‌ను రెండు అరచేతులతో నిటారుగా నొక్కి, చివరలో అవసరమైతే చెక్కదిమ్మ అడ్డం పెట్టి మెల్లగా తట్టాలి. వాషర్లు, బోల్టులతో అదిమి ఉంచి, రింగులున్న ఎత్తులో లోపలి వ్యాసాన్ని రెండు దిశల్లో కొలవాలి. అక్కడ లైనర్ గుండ్రం తప్పినట్లు తేలితే రింగు మెలి పడినట్లే; లైనర్ తీసి కొత్త రింగు వేయాలి.

పిస్టన్లు, ఆయిల్ సంపు (ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఎక్కించకముందే వాటర్ పంపు ద్వారం మూసి, బ్లాకులో నీళ్లు నింపి ఒక రాత్రి వదిలేయాలి. తెల్లవారి కింది నుంచి చూసినప్పుడు లైనర్ల అడుగు పొడిగా ఉంటేనే పిస్టన్ల పని మొదలుపెట్టాలి.