ఇంటి థియేటర్ పాఠాలు – 4: తిప్పకండి, జరపండి

గత పాఠంలో త్రో రేషియో (లెన్సు నుంచి స్క్రీన్‌కి దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె) లెక్క చెప్పాక వచ్చిన సందేహాలన్నిటి సారం ఒకటే: ప్రొజెక్టరును లెక్క ప్రకారమే పెట్టాం, బొమ్మ స్క్రీన్ దాటిపోతోంది. పంపిన లెక్కలు చూస్తే దాదాపు అందరూ రేషియోను స్క్రీన్ అంగుళాలతో గుణించారు. షాపువాళ్లు చెప్పే 100 అంగుళాలు మూల నుంచి మూలకు ఉండే కొలత. గుణించాల్సింది వెడల్పుతో.

16:9 స్క్రీన్‌కి ఆ అంగుళాలను 0.872తో గుణిస్తే వెడల్పు, 0.49తో గుణిస్తే ఎత్తు వస్తాయి. 100 అంగుళాల స్క్రీన్ 221.4 సెం.మీ. వెడల్పు, 124.5 సెం.మీ. ఎత్తు ఉంటుంది. రేషియో 1.2 అయితే లెన్సు 266 సెం.మీ. దూరంలో ఉండాలి. మూలల కొలతతో లెక్కేసినవాళ్లు 305 దగ్గర బిగించారు. అక్కడి నుంచి పడేది 115 అంగుళాల బొమ్మ! జూమ్ ఉన్నవాళ్లు మాత్రం బతికిపోయారు. 1.2 నుంచి 1.5 దాకా జూమ్ ఉంటే 266 నుంచి 332 సెం.మీ. వరకు ఎక్కడైనా సర్దుకుంటుంది.

ఇంకో రకం తేడా కూడా కనిపించింది. 8×6 అడుగుల స్క్రీన్‌ను కూడా 120 అంగుళాలనే అమ్ముతారు. అది 4:3. దాని వెడల్పు 96 అంగుళాలే. 16:9 బొమ్మ దాని మీద 54 అంగుళాల ఎత్తే పడుతుంది, మిగతా 18 అంగుళాలు తెల్లగా ఖాళీ. అందుకని పేరు నమ్మకండి, టేపు పెట్టి కొలవండి. దూరం కూడా లెన్సు మూతి నుంచే కొలవాలి, స్లాబులో వేసిన రంధ్రం నుంచి కాదు.

ఇక అసలు సంగతి. బొమ్మ స్క్రీన్ మీదికి రాకపోయేసరికి చాలామంది ప్రొజెక్టరు మూతిని కిందికి వంచి, కీస్టోన్ (వంకరపోయిన బొమ్మ అంచుల్ని మెనూలోంచి నిటారు చేసే సెట్టింగు) నొక్కేశారు. ఈ కీస్టోన్ అనేది లేకపోయినా బాగుండేదనిపిస్తుంది. డబ్బా మీద ప్లస్సూ మైనస్సూ 40 డిగ్రీలని గొప్పగా రాస్తారు, అదేదో సదుపాయమన్నట్టు.

అది చేసే పని చూడండి. పై లెక్కలోని స్క్రీన్‌నే తీసుకుందాం. అడుగు అంచు నేల నుంచి 75 సెం.మీ. ఎత్తులో ఉంటే పై అంచు సుమారు 200. తలకిందులుగా వేలాడే ప్రొజెక్టరు ఆఫ్‌సెట్ (లెన్సుకూ బొమ్మ దగ్గరి అంచుకూ మధ్య ఎడం, బొమ్మ ఎత్తులో ఎంత శాతమో) 10 శాతం అయితే, బొమ్మ లెన్సు కంటే 12.5 సెం.మీ. కింద మొదలవుతుంది. అంటే లెన్సు 212 సెం.మీ. దగ్గర ఉండాలి. పది అడుగుల గదిలో పైకప్పు 305. మధ్యలో 93 సెం.మీ. ఖాళీ, అంటే మూడడుగులు. మామూలుగా దొరికే పొట్టి బ్రాకెట్ లెన్సును 285 దగ్గరే ఆపేస్తుంది. అక్కడి నుంచి బొమ్మను స్క్రీన్ మీదికి దించాలంటే మూతిని 15 డిగ్రీలు వంచాలి. వంచితే అడుగు అంచు పై అంచు కంటే 15 శాతం వెడల్పవుతుంది, ఎత్తూ సాగుతుంది. కీస్టోన్ ఆ వెడల్పును అద్దాలతో సరిచేయదు, ప్యానెల్‌లోనే (ప్రొజెక్టరు లోపల బొమ్మను తయారుచేసే చిప్పులోనే) బొమ్మను కుదిస్తుంది. అడుగు వరుసలో 1920 పిక్సెళ్లకు 1670 చొప్పున మిగులుతాయి. సబ్‌టైటిళ్లు వచ్చేది అక్కడే. అక్షరాల అంచులు మసకబారేది అందుకే, ఫోకస్ ఎంత తిప్పినా లాభం లేదు. వాడకుండా వదిలేసిన పిక్సెళ్లు పూర్తిగా ఆరవు కూడా. రాత్రి సీను వచ్చినప్పుడు స్క్రీన్ పక్క గోడ మీద బూడిదరంగు ముక్కలు కనిపిస్తాయి.

కాబట్టి మెనూలో కీస్టోన్ సున్నా చేయండి, ఆటో కీస్టోన్ ఆపేయండి, డిజిటల్ జూమ్ 100కు తెచ్చేయండి. ఆ తర్వాతే మిగతా పని.

పైకప్పు నుంచి దించే పైపు వేయించండి. 285 దగ్గర ఉన్న లెన్సు వెలుగును గది మధ్యనున్న ఫ్యాను రెక్కలు కోస్తాయి. 212 దగ్గర ఉంటే వెలుగంతా రెక్కల కిందనుంచే పోతుంది. పైపు జిప్సమ్ బోర్డును దాటి స్లాబుకు చేరాలి, అక్కడ యాంకర్ బోల్టుతో బిగించాలి. బోర్డుకే బిగిస్తే ఒకరోజు ప్రొజెక్టరు సోఫాలో ఉంటుంది. అంత పొడుగు పైపు చూడ్డానికి బాగోదనుకుంటే స్క్రీన్‌నే పైకి జరపండి: అడుగు అంచు 100 సెం.మీ. దగ్గరుంటే పైకప్పు నుంచి లెన్సుకు 68 సెం.మీ. చాలు. లెన్స్ షిఫ్ట్ (ప్రొజెక్టరును వంచకుండా లెన్సును మాత్రమే జరిపి బొమ్మను కదిపే వీలు) ఉన్న ప్రొజెక్టరయితే నా ఓటు వెనక గోడ షెల్ఫుకే. డ్రిల్లింగు తక్కువ, దుమ్ము తుడవడం తేలిక.

ఆఫ్‌సెట్ అంకెను మాత్రం జాగ్రత్తగా చదవండి. కొందరు తయారీదారులు 10 శాతమని రాసేదాన్నే ఇంకొందరు 110 శాతమని రాస్తారు: ఒకరు దగ్గరి అంచు వరకు, ఇంకొకరు దూరపు అంచు వరకు కొలుస్తారు. ఆఫ్‌సెట్ లేని చిన్న ఎల్ఈడీ ప్రొజెక్టర్లూ ఉంటాయి. వాటి లెన్సు స్క్రీన్ నడిమధ్య ఎత్తులో, పై లెక్కకు 137 సెం.మీ. దగ్గర ఉండాలి. అంటే స్టాండే దిక్కు.

పక్కవాటుకూ ఇదే సూత్రం. బొమ్మ ఎడమ అంచు పొడవుగా, కుడి అంచు పొట్టిగా ఉంటే మూతి ఎడమకు తిరిగిందన్న మాట. కుడికి తిప్పి సరిచేశాక బొమ్మ స్క్రీన్‌కి కుడిగా పోతుంది. అప్పుడు మళ్లీ తిప్పకండి, ప్రొజెక్టరు మొత్తాన్ని ఎడమకు జరపండి. మూలలు సరిగ్గా ఉండి బొమ్మ మొత్తం ఒరిగితే ఒక కాలు ఎత్తు మారిస్తే సరి.

అభ్యాసం: స్క్రీన్ తగిలించకుండానే చేయాలి. ప్రొజెక్టరును టేబుల్ మీద పెట్టి రసమట్టంతో రెండు దిక్కులా సరిచూడండి. జూమ్ కదపకండి. లెన్సు గోడకు 150, 200, 250 సెం.మీ. దూరంలో ఉండగా ఒక్కోసారి ఐదు కొలతలు రాయండి: బొమ్మ పై వెడల్పు, అడుగు వెడల్పు, ఎత్తు, నేల నుంచి లెన్సు నడిబొడ్డు, నేల నుంచి బొమ్మ అడుగు. దూరాన్ని వెడల్పుతో భాగిస్తే మూడుసార్లూ ఒకే రేషియో రావాలి. మారుతుంటే దూరాన్ని లెన్సు నుంచి కాక డబ్బా అంచు నుంచి కొలిచారు. పై వెడల్పు, అడుగు వెడల్పు వేరైతే మూతి వంగింది. బొమ్మ అడుగులోంచి లెన్సు ఎత్తు తీసేసి, బొమ్మ ఎత్తుతో భాగిస్తే ఆఫ్‌సెట్. ఇది మారుతుంటే నేల ఎగుడుదిగుడుగా ఉంది, ఎత్తులన్నీ లేజర్ గీతనో నీళ్ల గొట్టం మట్టాన్నో ఆధారం చేసుకుని మళ్లీ కొలవండి. పదిహేను అంకెలూ కుదిరాకే డ్రిల్లింగ్ మెషీన్ చేతిలోకి తీసుకోండి.