జర్మనీకి కొత్తగా వచ్చారా? జేబులో ఒక యూరో బిళ్ల ఉంచుకోండి

జర్మనీలో బయట టాయిలెట్‌కి వెళ్లాలంటే చాలాచోట్ల డబ్బులు కట్టాలి. కార్డు తీసుకునే గేట్లున్నా అన్నిచోట్లా ఉండవు. మన దగ్గర ఫారెక్స్‌లో ఇచ్చేవి నోట్లే, ఇక్కడి ఏటీఎంలో వచ్చేవీ నోట్లే. కాబట్టి దిగిన రోజే ఏ బ్రెడ్డో, నీళ్ల సీసానో కొని చిల్లర చేసుకోండి. ఆదివారం సూపర్‌మార్కెట్లు, మాల్స్ మూసేస్తారు. ఆ రోజు పెద్ద స్టేషన్లలోని కొట్లు, కొన్ని బేకరీలే దిక్కు.

అంచు బంగారు రంగులో, మధ్య వెండి రంగులో ఉన్నది 1 యూరో. ఆ రంగులు తారుమారైతే 2 యూరోలు. పూర్తిగా పసుపు రంగులో ఉన్న పెద్ద బిళ్ల 50 సెంట్లు. 1 యూరో, 50 సెంట్ల బిళ్లలు విడిగా దాచుకోండి. రాగి రంగు 1, 2, 5 సెంట్లు చాలా మెషీన్లకు పనికిరావు, కొట్లో వదిలించుకోవాలి. అదీ కొద్దికొద్దిగానే, ఎందుకంటే ఒకేసారి 50 బిళ్లలు దాటితే కొట్టువాళ్లు తీసుకోనక్కర్లేదు.

పెద్ద స్టేషన్లలో సాధారణంగా 1 యూరో. హైవే మీద సానిఫెయిర్ అనే కంపెనీ టాయిలెట్ గేట్లలోనూ అంతే, కానీ అంతే విలువైన కూపన్ వస్తుంది, పారేయకండి. అక్కడి షాపులో చెల్లుతుంది (రేట్లు మాత్రం మండిపోతుంటాయి). చిన్నపిల్లలకు పక్కనే చిన్న గేటు, ఉచితం. కాస్త ఆగగలిగితే ‘డబ్ల్యూసీ’ బోర్డున్న పార్కింగ్ దగ్గర ఆపండి, డబ్బులుండవు. పేపరు ఉంటుందన్న భరోసా కూడా ఉండదు.

దూరప్రాంత రైళ్లలో టాయిలెట్ ఉచితం, స్టేషన్ రాకముందే పని ముగించుకోండి. యూ-బాన్‌లో (ఊళ్లో తిరిగే మెట్రో రైలు) అసలుండదు. ఊళ్లో కాఫీ షాపు తలుపు మీద ‘నెట్టె టోయ్‌లెటె’ స్టిక్కర్ ఉంటే ఏమీ కొనకుండానే వాడుకోవచ్చు. గేటు లేకుండా గుమ్మం దగ్గర చిల్లర పళ్లెం మాత్రమే ఉంటే 50 సెంట్లు వేయడం మర్యాద. తలుపు మీద బొమ్మ లేకుండా అక్షరమొక్కటే ఉంటే ‘డి’ ఆడవాళ్లది, ‘హెచ్’ మగవాళ్లది.

నీళ్ల పైపు, మగ్గు ఎక్కడా కనపడవు. అర లీటరు ఖాళీ సీసా బ్యాగులో పెట్టుకుని, లోపలికి వెళ్లేముందే వాష్‌బేసిన్ దగ్గర నింపుకోండి. వాడిన పేపరు కమోడ్‌లోనే వేయాలి. తడి వైప్స్ వేస్తే పైపు జామవుతుంది. ఆ ప్లాస్టిక్ సీసా మీద సాధారణంగా 25 సెంట్ల డిపాజిట్ ఉంటుంది, సూపర్‌మార్కెట్‌లోని మెషీన్‌లో వేస్తే రసీదు వస్తుంది, కౌంటర్లో చూపిస్తే డబ్బులిస్తారు. సీసాని నలిపినా, లేబుల్ ఊడినా మెషీన్ బార్‌కోడ్ చదవలేక వెనక్కి తోసేస్తుంది.