ఎంబీబీఎస్‌కు బెంగళూరు: కళాశాలను కాదు, ముందు ఆసుపత్రిని చూడండి

నీట్ ర్యాంకు వచ్చిన మర్నాటి నుంచి బెంగళూరులోని తెలుగు ఇళ్ళలో నడిచే చర్చ ఒక్కటే: ఏ కళాశాల మంచిది? మారతహళ్ళిలోనో కృష్ణరాజపురంలోనో స్థిరపడిన కుటుంబాలకైనా, అనంతపురం, చిత్తూరు జిల్లాల నుంచి పిల్లలను ఇక్కడికి పంపాలనుకునే తల్లిదండ్రులకైనా అంతకంటే ముందు తేల్చుకోవలసిన విషయం మరొకటి ఉంది. మీ అమ్మాయికి లేదా అబ్బాయికి ఏ కోటాలో అర్హత ఉందో తెలియకుండా కళాశాలల మంచిచెడ్డలు చర్చించడం వల్ల ప్రయోజనం లేదు. అమెరికాలో మాదిరిగా ముందు ఒక డిగ్రీ చేసి, ఆ తర్వాత వైద్య విద్యలోకి వెళ్ళే పద్ధతి మనకు లేదు కనుక, ఇంటర్ పూర్తయిన వేసవిలో తీసుకునే ఈ నిర్ణయాన్ని తర్వాత సరిదిద్దుకునే అవకాశం చాలా తక్కువ.

కర్ణాటకలో ప్రభుత్వ కోటా సీటుకు ఎక్కువమందికి వర్తించే నిబంధన ఇది: ఒకటో తరగతి నుంచి పన్నెండో తరగతి లోపు కనీసం 7 విద్యాసంవత్సరాలు ఈ రాష్ట్రంలో చదివి ఉండాలి, పదో తరగతి గానీ రెండో పీయూసీ (ఇక్కడి ఇంటర్ రెండో ఏడాది) గానీ ఇక్కడే ఉత్తీర్ణులై ఉండాలి. సైనికుల పిల్లలకు, మరికొన్ని వర్గాలకు వేరే నిబంధనలు ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లో స్థానికతకు ప్రధాన నిబంధన మరో రకంగా ఉంటుంది. అక్కడ ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్ళ చదువును, అంటే తొమ్మిదో తరగతి నుంచి లెక్క చూస్తారు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మన కుటుంబాల్లో తరచుగా జరిగే పొరపాటు ఎక్కడ ఉందో తెలుస్తుంది. పదో తరగతి దాకా బెంగళూరులో చదివించి, ఇంటర్‌కు విజయవాడలోనో హైదరాబాదులోనో హాస్టల్లో చేర్చిన విద్యార్థికి కర్ణాటక అర్హత నిలుస్తుంది, కానీ అక్కడి స్థానికత రాదు. ఎనిమిదో తరగతి కాగానే పంపేస్తే లెక్క తారుమారవుతుంది. పదో తరగతి వరకు సొంత ఊళ్ళో చదివి, తండ్రి ఉద్యోగం బదిలీ కావడంతో పీయూసీకి బెంగళూరు వచ్చినవారి పరిస్థితి అన్నిటికంటే ఇబ్బందికరం. వారు అక్కడా స్థానికులు కారు, ఇక్కడా కారు. అటువంటివారికి అఖిల భారత కోటా, ప్రైవేటు కళాశాలల్లో అందరికీ తెరిచి ఉండే సీట్లు, డీమ్డ్ విశ్వవిద్యాలయాలు (విశ్వవిద్యాలయ హోదా పొందిన సంస్థలు) మాత్రమే మిగులుతాయి.

అర్హత ఉన్నా కాగితం లేకపోతే లేనట్లే. చదివిన ప్రతి పాఠశాల నుంచి స్టడీ సర్టిఫికెట్ తీసుకుని, దానిపై బ్లాక్ విద్యాధికారి సంతకం చేయించాలి. మధ్యలో రెండు మూడు బడులు మారిన పిల్లల విషయంలో ఈ పని వారాలు పడుతుంది. వేసవి సెలవుల్లో బడి కార్యాలయంలో గుమాస్తా దొరకడు, కాబట్టి నీట్ రాయకముందే ఈ పని ముగించుకోవడం మంచిది.

ఇక విశ్వవిద్యాలయాల సంగతి. బెంగళూరులోని వైద్య కళాశాలల్లో ఎక్కువ భాగం 1996లో ఏర్పడిన రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్నాయి. ప్రశ్నపత్రం ఒక్కటే, చివర చేతికి వచ్చే పట్టా మీద పేరూ ఒక్కటే. అందువల్ల వీటి మధ్య ఎంపికలో విశ్వవిద్యాలయం పేరుకు పెద్దగా పాత్ర లేదు. డీమ్డ్ విశ్వవిద్యాలయాలు తమ పరీక్షలు తామే నిర్వహించుకుంటాయి. కోలారులోని దేవరాజ్ అరసు, మైసూరులోని జేఎస్ఎస్, మణిపాల్ ఇటువంటివి. వీటి సీట్లన్నిటినీ, ప్రభుత్వ కళాశాలల్లోని 15 శాతం అఖిల భారత కోటా సీట్లనూ ఢిల్లీలోని మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ భర్తీ చేస్తుంది. రాష్ట్ర కోటా సీట్లు, ప్రైవేటు కళాశాలల సీట్లు కర్ణాటక పరీక్షల ప్రాధికారం ద్వారా, అంటే అందరూ కేఈఏ అని పిలిచే సంస్థ ద్వారా వెళతాయి. రెండుచోట్లా విడివిడిగా నమోదు చేసుకోవాలి. మేనేజ్‌మెంట్ సీటు, ఎన్ఆర్ఐ సీటు కూడా కౌన్సెలింగ్ ద్వారానే రావాలి కనుక, దానితో పని లేకుండా సీటు ఇప్పిస్తామని ఫోన్ చేసే కన్సల్టెన్సీల మాటలు వినవలసిన అవసరం లేదు.

డబ్బు విషయంలో స్థూలంగా ఒక అంచనా ఉంటే చాలు. ప్రభుత్వ కళాశాలలో ఏడాది ఫీజు లక్ష రూపాయల లోపే ఉంటుంది. ప్రైవేటు కళాశాలలోని ప్రభుత్వ కోటా సీటుకు ఒకటిన్నర లక్ష ప్రాంతంలో, అదే కళాశాలలో ప్రైవేటు సీటుకు ఇటీవలి సంవత్సరాల్లో 10 నుంచి 12 లక్షల మధ్య అవుతోంది. డీమ్డ్ విశ్వవిద్యాలయాల్లో అంతకు చాలా ఎక్కువ. మొదటి ఏడాది ఫీజును కాక మొత్తం కోర్సు ఖర్చును లెక్కించాలి. చదువు నాలుగున్నరేళ్ళు, దానిపై ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. మరి ఐదో ఏడాది ఫీజు పూర్తిగా కట్టించుకుంటారా, సగమే తీసుకుంటారా, హాస్టల్ ఫీజు ఏటా పెంచుతారా, ఇంటర్న్‌లకు నెలనెలా స్టైపెండ్ నిజంగా చేతికి ఇస్తారా అన్నవి చేరకముందే అడిగి, వీలైతే కాగితం మీద రాయించుకోవాలి. ఇల్లు తాకట్టు పెట్టి ప్రైవేటు సీటు కొనడం కంటే, సొంత రాష్ట్రంలోని ఒక జిల్లా ప్రభుత్వ కళాశాలలో చేరడమే మేలని నా అభిప్రాయం. పీజీకి మళ్ళీ అంత డబ్బు కావలసి వస్తుందన్నది చాలామందికి అప్పుడు గుర్తుండదు.

ఎంపికలో అసలు పని ఇక్కడ మొదలవుతుంది. వైద్య కళాశాల అంటే తరగతి గదులు కాదు, వార్డులు. జాతీయ వైద్య కమిషన్ 2023లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం 150 సీట్ల కళాశాలకు అనుబంధ ఆసుపత్రిలో కనీసం 605 పడకలు ఉండాలి, ఏడాది సగటున వాటిలో 80 శాతం నిండి ఉండాలి. కాగితం మీద అందరూ ఈ లెక్క చూపిస్తారు కాబట్టి స్వయంగా వెళ్ళి చూడటం ఒక్కటే మార్గం. అందుకు ఆదివారమో సాయంత్రమో పనికిరాదు. మామూలు పనిదినాన ఉదయం తొమ్మిదిన్నరకు, ఎవరికీ చెప్పకుండా వెళ్ళాలి. ఓపీ చీటీల కిటికీ ముందు ఎంత వరుస ఉంది, మందుల కౌంటరు దగ్గర ఎంతమంది నిలబడ్డారు, వచ్చినవారు ఏ ఊళ్ళ నుంచి వచ్చారన్నది అక్కడ అరగంట కూర్చుంటే తెలిసిపోతుంది. రోగులను ఇబ్బంది పెట్టకుండా జనరల్ వార్డు వరండా మీదుగా ఒకసారి నడవండి. నిజంగా నడుస్తున్న వార్డులో మంచాల కింద టిఫిన్ క్యారియర్లు, నీళ్ళ సీసాలు, ప్లాస్టిక్ సంచులు ఉంటాయి. కిటికీ ఊచలకు తువ్వాళ్ళు ఆరేసి ఉంటాయి. నేల మీద చాప పరుచుకుని ఎవరో ఒక బంధువు కునుకు తీస్తూ ఉంటారు. పరుపుల ప్లాస్టిక్ తొడుగు కూడా విప్పని మంచాలు వరుసగా కనిపిస్తే, ఆ కళాశాల భవనం ఎంత అందంగా ఉన్నా వెనక్కి రావడమే మంచిది.

ఈ కొలతతో చూసినప్పుడు బెంగళూరులో ముందు వరుసలో నిలిచేది కృష్ణరాజ మార్కెట్ పక్కన ఉన్న బెంగళూరు మెడికల్ కళాశాల. 1955లో మొదలైన ఈ ప్రభుత్వ కళాశాలకు 1900 నాటి విక్టోరియా ఆసుపత్రి, ప్రసూతికి వాణీ విలాస్, కళ్ళకు మింటో ఉన్నాయి. అక్కడ రద్దీ ఎంత ఉంటుందంటే, ఒక్కో విద్యార్థికి ఉపాధ్యాయుడు కేటాయించగల సమయం తగ్గుతుంది. చొరవ లేని విద్యార్థి అంతమందిలో ఐదేళ్ళూ వెనక బెంచీలోనే గడిపేయగలడు. 1963 నుంచి ఉన్న కోరమంగళలోని సెయింట్ జాన్స్‌లో బోధన పద్ధతికి, క్రమశిక్షణకు పేరుంది. అయితే క్రైస్తవ మైనారిటీ సంస్థ కనుక సీట్ల విభజననూ, చదువు తర్వాత గ్రామీణ సేవకు సంబంధించిన షరతులనూ ఆ సంవత్సరపు ప్రాస్పెక్టస్‌లో జాగ్రత్తగా చదవాలి. కెంపేగౌడ వైద్య విజ్ఞాన సంస్థ (కిమ్స్)లో కళాశాల బనశంకరిలో, ఆసుపత్రి వీవీ పురంలో ఉన్నాయి. రోజులో మూడోవంతు బస్సులో గడవదు గానీ, ఇటువంటి ఏర్పాటు ఉన్నచోట హాస్టల్ ఏ వైపు ఉందో అడిగి తెలుసుకోవాలి.

ప్రైవేటు ఆసుపత్రుల్లో మరో చిక్కు ఉంది. గుండె శస్త్రచికిత్సలు, అవయవ మార్పిడులు జరిగే ఆసుపత్రి అంటే తల్లిదండ్రులకు గొప్పగా అనిపిస్తుంది. అయితే డబ్బు కట్టి ప్రత్యేక గదిలో చేరిన రోగి విద్యార్థి చేత పొట్ట నొక్కించుకోవడానికి సాధారణంగా ఒప్పుకోడు. ఎంబీబీఎస్ విద్యార్థికి కావలసింది టైఫాయిడ్, క్షయ, ఆస్తమా, రక్తహీనత, మామూలు ప్రసవం. ఉచితంగా లేదా తక్కువ ఖర్చుతో చూసే వార్డులు ఎన్ని ఉన్నాయన్నదే అడగవలసిన ప్రశ్న.

ఈ సమాధానాలు ప్రిన్సిపాల్ గదిలో దొరకవు. క్యాంటీన్ దగ్గర కనిపించే ఇంటర్న్‌లను, మనవాళ్ళు హౌస్ సర్జన్లు అనేవారిని, మర్యాదగా పలకరించి అడగండి. బాగుందా అని అడిగితే బాగుందనే చెబుతారు. లేబర్ రూమ్‌లో స్వయంగా ఎన్ని కాన్పులు చేశారు, క్యాజువాలిటీలో కుట్లు ఎవరు వేస్తారు, రాత్రి డ్యూటీలో సీనియర్ రెసిడెంట్ పిలిస్తే వస్తారా అని అడిగితే, లెక్కలు చెప్పేవారికీ తడబడేవారికీ తేడా వెంటనే కనిపిస్తుంది. మొదటి బ్యాచ్ ఇంకా బయటికి రాని కొత్త కళాశాలలో ఈ ప్రశ్నలు అడగడానికి ఇంటర్న్‌లే ఉండరు. అది కూడా ఒక సమాధానమే.

భాష గురించి మన పిల్లలు అనవసరంగా భయపడతారు. ఈ నగరంలోని పెద్ద ఆసుపత్రులకు హిందూపురం, మదనపల్లె, బాగేపల్లి, పావగడ వైపు నుంచి వచ్చే తెలుగు రోగులు కొల్లలు, కోలారు వైపు వెళితే మరీ ఎక్కువ. అలాగని కన్నడం నేర్చుకోకుండా గడిపేద్దామనుకోవడం తప్పు. నొప్పి ఎప్పుడు మొదలైందో, ఎటు పాకుతుందో రోగి తన మాటల్లో చెప్పేది అర్థం కాకపోతే కేస్ షీట్ రాయడం కుదరదు. మొదటి ఏడాది అనాటమీతో పాటే కన్నడమూ మొదలుపెడితే రెండో ఏడాది వార్డుల్లోకి వెళ్ళేసరికి సరిపోతుంది.

మెస్, గది, వైఫై గురించి ఎక్కువ ఆలోచించనక్కరలేదు. ర్యాగింగ్ విషయంలో మాత్రం హాస్టల్లో మొదటి ఏడాది పిల్లలకు వేరే బ్లాకు ఉందా, వార్డెన్ రాత్రి అక్కడే ఉంటారా అన్నది చూడాలి.

ఆప్షన్ ఎంట్రీలో, అంటే కౌన్సెలింగ్‌కు కావలసిన కళాశాలల జాబితాను వరుసగా ఇచ్చేటప్పుడు, చాలామంది గత ఏడాది కటాఫ్ చూసి, తమకు రాదనుకున్న కళాశాలను జాబితాలో పెట్టరు. పైన పెట్టినందువల్ల కింది సీటు అవకాశం తగ్గదు. ర్యాంకు ప్రకారం జాబితా పైనుంచి కిందికి చూస్తూ మొదట దొరికినది ఇస్తారు. కాబట్టి నిజమైన ఇష్టం వరుసలోనే రాయాలి, చేరడానికి సిద్ధంగా లేని కళాశాలను మాత్రం అసలు రాయకూడదు. సీటు వచ్చాక కేఈఏ నాలుగు ఛాయిస్‌లు ఇస్తుంది. మొదటిది చేరిపోవడం, రెండోది ఈ సీటు ఉంచుకుంటూ పై ఆప్షన్ల కోసం వేచి ఉండటం, మూడోది దీన్ని వదులుకుని తర్వాతి విడతకు వెళ్ళడం, నాలుగోది పూర్తిగా తప్పుకోవడం. మూడోది ధైర్యవంతుల ఛాయిస్, నేనైతే సలహా ఇవ్వను. విడతలు ముందుకు సాగేకొద్దీ సీటు వదులుకుంటే పడే జరిమానా పెరుగుతుంది, డీమ్డ్ విశ్వవిద్యాలయాల నమోదుకు కట్టే 2 లక్షల ధరావతు కూడా పోయే ప్రమాదం ఉంటుంది. చేరిన కళాశాల అసలు సర్టిఫికెట్లు తన దగ్గరే ఉంచుకుంటుంది కనుక, అప్పగించే ముందు ప్రతి కాగితానికీ గెజిటెడ్ అధికారి సంతకం ఉన్న నకళ్ళు రెండేసి జతలు, స్కాన్ చేసిన ఫైలు ఒకటి మీ దగ్గర ఉంచుకోవాలి, తీసుకున్నట్లు కళాశాల నుంచి రసీదు కూడా రాయించుకోవాలి.